నూకమ్మ వంటింట్లో సైప్రస్ వైన్

నూకమ్మ చేతి ద్రాక్షరసం లేకుండా భిలాయ్ క్యాంప్ వన్ తెలుగు క్రైస్తవ మందిరంలో ముప్పై ఒక్క ఏళ్లుగా ఒక్క ప్రభు భోజన సంస్కారపు ఆరాధన కూడా జరగలేదు. నెలలో మొదటి ఆదివారానికి ముందురోజు పవర్ హౌస్ బజారుకి వెళ్లి నల్ల ద్రాక్ష బేరమాడి తెచ్చేది. కాయలు దొరకని నెలల్లో కిస్‌మిస్ నానబెట్టేది. ఉడికించి, పల్చటి గుడ్డలో పిండి, చల్లార్చి సీసాకెత్తేది. పులియడానికి సందిచ్చేది కాదు. తెల్లారాక అరవై నాలుగు బుల్లి గాజు గ్లాసులు వేడినీళ్లలో కడిగి తనే నింపేది.

ఆమదాలవలస పక్క పల్లె నుంచి రైల్వే గ్యాంగ్‌మన్ అప్పలసూరి పెళ్లాంగా పదిహేడేళ్లకి భిలాయ్ వచ్చింది. బాప్తిస్మం ఇచ్చినప్పుడు మార్తమ్మ అని పేరు పెట్టారు గానీ అది రిజిస్టరు దాటి బయటికి రాలేదు. "అమ్మోరు నూకాలమ్మ పేరెట్టుకుని ఏసుప్రభువు గ్లాసులు కడుగుతన్నావేటే" అని వీధిలో ఎకసెక్కెమాడితే, "పేరు మాయమ్మ ఎట్టింది, గ్లాసులు నాను కడుగుతన్నాను. మద్దిన నీకేటి నొప్పి?" అనేది.

అప్పలసూరి పోయాడు. మిగిలింది కొడుకు సునీల్. జాముల్ సిమెంటు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పని. పన్నెండేళ్లు తాగాడు. ఆ పన్నెండేళ్లూ గచ్చు మీద వాంతులు నూకమ్మే ఫినాయిల్ పోసి కడిగింది. పదకొండు నెలల కింద మానేశాడు. ఏడాది నిండితే తిరిగొస్తానని భార్య భాగ్యరేఖ కుమ్హారిలో పుట్టింట్లో కూర్చుని ఉంది. ఇంకొక్క నెల. ఈలోగా చుక్క నాలుక మీద పడిందా, వాడు మళ్లీ ఆ గచ్చు మీదికే వస్తాడు. ఈ సంగతి మందిరంలో అందరికీ తెలుసు. వాణ్ని ముందుకి పిలిచి సాక్ష్యం చెప్పించి, చప్పట్లు కొట్టించింది వాళ్లే.

ఆ శనివారం పొద్దున్నే సంఘం సెక్రటరీ రామచంద్రరావు న్యూస్‌పేపర్లో చుట్టిన రెండు సీసాలతో దిగాడు. రైల్వేలో హెడ్ క్లర్కుగా రిటైరైన మనిషి.

"నూకమ్మా, ఈసారి నీకు బజారు పని లేదు. మా అల్లుడు అనిల్‌కుమార్ షిప్పు దిగి వచ్చాడు. సైప్రస్ నుంచి తెచ్చాడు. బైబిల్లో బర్నబా పుట్టిన ద్వీపం! అక్కడి రైతులు సొసైటీ పెట్టుకుని, తలా కాస్త ద్రాక్ష తెచ్చి పోసి చేసిన అసలు సిసలు రెడ్ వైన్."

"అంటే సారాయే కద బాబూ?"

"ఛఛ, సారా ఏంటి! వైన్!"

"తాగుడు పాపమని మీరే సెప్తారు కదండీ."

"అందుకే కదా నీ దగ్గరకి తెచ్చింది. మరగబెట్టు. స్పిరిట్ ఎగిరిపోద్ది. పులుపు ఉంటే చక్కెర పడెయ్. సింపుల్."

"మా గుంటడున్నాడు బాబూ ఇంట్లో."

"అతని కోసం కమిటీ అంతా ప్రార్థన చేసింది. నీకు విశ్వాసం లేదా?"

ఆయన ఒక సీసా బిరడా ఊడదీసి, గ్యాస్ గట్టు మీద పెట్టి వెళ్లిపోయాడు.

ఆమె వాసన చూసింది. ముందు బాగా పండిన అల్లనేరేడు వాసన. ఎక్కడో సముద్రం నడుమ, ఎండలో ఎవరో వంగి కోసిన పండు. వాళ్ల మీద నూకమ్మకి కోపమేమీ లేదు. కానీ ఆ వెనకే వచ్చింది రెండో వాసన. పన్నెండేళ్లు తను చీపురుతో తోసిన వాసన.

అయినా ముప్పై ఒక్క ఏళ్ల అలవాటు. గిన్నెలో పోసి పొయ్యి వెలిగించింది. అక్కడే తప్పు చేసింది. మరిగేకొద్దీ స్పిరిట్ ఎగిరిన మాట నిజమే. ఎగిరి ఎక్కడికి పోతుంది? గోడలకి, తలగడలకి, దండెం మీద సునీల్ చొక్కాలకి పట్టింది. రెండు గదుల ఇల్లు కాస్తా సారా దుకాణమైంది.

డ్యూటీ దిగి వచ్చిన సునీల్ గడప దగ్గరే ఆగిపోయాడు.

"అమ్మా, ఏటిది?"

"సంస్కారానికిరా. సెక్రటరీ బాబు..."

"బంద్ కర్, అమ్మా. బేగి బంద్ కర్!"

లోపలికి రాలేదు. బయట మెట్టు మీద కూర్చుని, మోకాళ్ల మధ్య తల పెట్టుకున్నాడు. గొంతులో గుటకలు పడుతున్నాయి. ఆ గుటకలు చూసి నూకమ్మ పొయ్యి ఆర్పేసింది. గిన్నె తీసుకెళ్లి మురిక్కాలవలో కుమ్మరించింది. కాలవ కంపు కొట్టే చోట కూడా ఆ కంపే మిగిలింది.

బిరడా తీయని సీసా, గ్లాసుల పెట్టె చంకన పెట్టుకుని ఆటో ఎక్కింది. రామచంద్రరావు ఇంట్లో ముగ్గురు పెద్దలు కూర్చుని ఉన్నారు. టీపాయ్ మీద మూడో సీసా, సగం ఖాళీ, పక్కన మిక్స్చర్ ప్లేటు.

"రా నూకమ్మా, క్వాలిటీ చూస్తున్నాం" అన్నాడు ఒకాయన. పళ్లు నల్లబడి ఉన్నాయి. మొన్న సునీల్ నెత్తి మీద చెయ్యి పెట్టి దేవుణ్ని పిలిచిన నోరు అదే.

నూకమ్మ సీసా, పెట్టె కింద పెట్టింది. "ఇయ్యి మీరే ఉంచీసుకోండి. రేపట్నుంచి గ్లాసులు మీరే కడుక్కోండి. మావోడికి మాత్రం ద్రాక్షరసం నాను తెస్తాను."

"అలా కుదరదు. అందరికీ ఒకటే బల్ల, ఒకటే రసం" అన్నాడు రామచంద్రరావు. "ఒక్కడి కోసం సంఘం మొత్తం మారాలా? వద్దనుకుంటే గ్లాసుల ట్రే వదిలెయ్యమను."

ఆ మందిరంలో ట్రే వదిలేశాడంటే ఏదో పాపం దాచుకున్నాడనే అర్థం. నెల రోజులు వీధంతా అదే మాట. నూకమ్మ ఆయన మొహం వంక చూసింది. ఉమ్మాలనిపించింది. గచ్చు శుభ్రంగా ఉంది కాబట్టి ఆగింది.

ఆదివారం మగవాళ్ల వరసలో సునీల్ చివరి బెంచీ మీద కూర్చున్నాడు. నూకమ్మ ఆడవాళ్ల వైపు నుంచి లేచి, నడవ దాటి, వాడి పక్కన కూర్చుంది. మందిరమంతా తలలు తిప్పింది.

"అమ్మా, ఎల్లిపో. అందరూ సూస్తన్నారు."

"సూడనీ."

ట్రే వచ్చింది. బుల్లి గ్లాసుల్లో నల్లగా సైప్రస్. సునీల్ చేతులు తొడల కింద పెట్టుకుని, వద్దని తలూపాడు. రామచంద్రరావు పెదవి విరిచి ట్రే నూకమ్మ ముందుకి జరిపాడు.

"నువ్వు తీసుకో."

"నాకొద్దు."

"నూకమ్మా! నువ్వు కూడానా? ఏ పాపం చేశావని?"

"రోతగా ఉంది బాబూ. అవతలికి తీసుకుపోండి."

ట్రే తిరిగి నడవలోకి వెళ్లింది. పక్కన సునీల్ వాసన తగలకుండా నోటితో గాలి పీలుస్తున్నాడు. ఆఖరి గ్లాసు ఖాళీ అయి, బల్ల మీద గుడ్డ కప్పేదాకా నూకమ్మ ఆ ట్రే మీంచి కళ్లు తిప్పలేదు. అప్పుడు కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుంది.