ధూల్‌పేట గణపతి ముసుగు

కుదరబోయే పెండ్లిని తన నెత్తిమీద తానే మోసుకొచ్చి, ఊరందరి ముందు దించి, పెటాకులు చేసుకున్న పెండ్లికొడుకును మీరెక్కడైనా చూశారా? చూసి ఉండరు. ఆ ఘనకార్యం చేసింది నాకు తెలిసి నేనొక్కణ్నే. పాపం, ఇందులో ఇంకెవరి తప్పూ లేదు. అంతా నా తెలివే.

అరవైల చివర్లో సంగతి. బోధన్‌లో మా వాడ గణపతి జానెడు ఉండేవాడు. పక్క వాడవాళ్లు హైదరాబాదు నుంచి నిలువెత్తు గణపతిని తెచ్చి, పండుగన్ని రోజులూ మమ్మల్ని ఓరచూపులు చూసేవాళ్లు. మా వాడకు పెద్ద భూమయ్య. కిరాణా దుకాణం ఆయనది. ఆయన బిడ్డ గంగామణి. ఆ పిల్లను నాకిమ్మని బాపు అడిగించాడు. నేనైతే అప్పటికే ఆ దుకాణంలో అవసరం లేని ఉప్పు ఎంత కొన్నానో లెక్కలేదు. మా ఇంట్లో ఉప్పు బస్తా చూసి అవ్వ, "ఏందిరా, సముద్రం కొంటున్నవా?" అనేది.

భూమయ్య వెంటనే ఔననలేదు, కాదనలేదు.

"పిలగాడు మంచోడే అంటున్నరు. ఉత్త మంచితనం ఏం జేసుకోను? ఒక పని అప్పజెప్తె సక్కగ చేసుకొస్తడా లేడా సూడాలె. ఈసారి పట్నం పోయి వాడకు గణపతిని తెమ్మను. తెస్తె పిల్లనిస్త," అన్నాడు.

నాకు సంతోషంతో ఆ రాత్రి నిద్ర పట్టలేదు. బొమ్మ కొని తేవడమేగా! దానికి పిల్లనిస్తానంటే పదిసార్లు పోయి రానూ?

బయలుదేరేటప్పుడు అవ్వ గట్టిగా చెప్పింది: "బిడ్డా, దేవుని మొగానికి బట్ట కట్టినంక మండపంల పూజ మొదలయ్యేదాక ఇప్పొద్దు. తొవ్వల ఇప్పితె కీడు." ఈ ఒక్క మాటా నేను అక్షరం పొల్లు పోకుండా పాటించాను. జీవితంలో అవ్వ చెప్పిన మాట నేను పూర్తిగా విన్నది అదొక్కసారే. దాని ఫలితం ఇప్పుడు మీరే చూస్తారు.

తోడుకు మా దోస్తు సాయిలును తీసుకుని పట్నంలో దిగాను. ధూల్‌పేట అంటే తరతరాలుగా బొమ్మలు చేసేవాళ్ల పేట. ఆ గల్లీలోకి అడుగుపెట్టగానే నా నోరు తెరుచుకున్నది మళ్లీ రైలెక్కేదాకా మూతపడలేదు. ఒక అరుగు మీద తలలు లేని దేవుళ్లు, ఎదురు అరుగు మీద మొండేలు లేని తలలు. గోడ వెంబడి చేతులే చేతులు, ఎండకు ఆరుతున్నాయి. ఒకామె ఒళ్లో సరస్వతమ్మ తలను పెట్టుకుని, పిల్లకు కాటుక పెట్టినంత ప్రేమగా కండ్లు దిద్దుతోంది. మేడల మీద పతంగుల కాగితాలు ఆరేశారు. గాలికి రంగు, బంకమట్టి, గడ్డి వాసన.

"రాజన్నా, గిక్కడ దేవుళ్లు గిట్ల పుడ్తరాయె," అన్నాడు సాయిలు చేతులు జోడించి. తలలేని దేవునికి కూడా దండం పెట్టినవాణ్ని వాణ్నే చూశాను.

కిషన్‌లాల్ అని ఒక పెద్దాయన వాకిట్లో మాకు కావలసినవాడు దొరికాడు. ఎంత చక్కని గణపతి! చాటంత చెవులు, మెలిక తిరిగిన తొండం, అరచేతిలో లడ్డు. ఆయన్ని చూడగానే నాకు భూమయ్య నవ్వు, గంగామణి నవ్వు, ఆపైన బాజాభజంత్రీలు, అన్నీ కనబడ్డాయి. పక్కనే ఇంకో బొమ్మ ఉంది. ఏదో మిఠాయి దుకాణం ముందర కూర్చోబెట్టడానికి చేయించుకున్న సేటు బొమ్మ. ఆయనకూ బొజ్జే, ఆయన చేతిలోనూ లడ్డే. బాసింపట్టు వేసుకుని పండ్లన్నీ కనబడేలా నవ్వుతున్నాడు. "ఈ సేటు మస్తున్నడు," అని సాయిలు ఆయన బుగ్గ గిల్లాడు కూడా.

"మీరు తిరిగి రాండ్రి. గడ్డి పెట్టి, బట్ట చుట్టి తయ్యార్ ఉంచుత," అన్నాడు కిషన్‌లాల్.

అప్పుడు బుద్ధిగా ఆ వాకిట్లోనే కూర్చుని ఉంటే ఈ కథ లేదు. కానీ గల్లీ పిలుస్తోంది. ఈ ఇంట్లో ఏనుగులు, ఆ ఇంట్లో రాక్షసులు, ఇంకో ఇంట్లో రంగు వేయని కృష్ణుళ్లు వరసగా నిలబడి ఉన్నారు. చూస్తూ చూస్తూ రైలు సంగతే మరిచిపోయాం. గుర్తొచ్చి పరుగెత్తుకొచ్చేసరికి కిషన్‌లాల్ ఎటో పోయాడు. ఆయన భార్య ఉంది. వాకిట్లో నిలువునా తెల్లబట్ట చుట్టిన మూటలు రెండు.

"ఏది మాది?" అన్నాను రొప్పుతూ.

"నేను ఇప్పుడే వంటింట్లకెల్లి వస్తున్న భయ్యా. ముసలాయన కట్టి పోయిండు. జర ఖోల్‌కే దేఖ్ లో. ఇప్పి సూసి తీస్కపో," అన్నదామె.

ఇప్పడమా! నేను ఆమెను అపచారం చేసినదాన్ని చూసినట్టు చూశాను.

"అమ్మా, దేవుని మొగం బట్ట ఇప్పుతరా ఎక్కడన్న? మా దిక్కు ఎంత కట్టడి ఉంటదో ఎరుకనా నీకు?"

"మాకు ఎరుకనే భయ్యా. పుట్టినకాంచెలి గిదే పని. ఇప్పి సూసి నేనే మల్ల కడ్త."

"వద్దు! కీడు!"

"ఒక్క మూల లేపి సూడు..."

"మూల గూడ వద్దు!"

చూడండి, పాపం ఆ తల్లి అన్నిసార్లు బతిమాలింది. నేను వింటేగా? మూటల చుట్టూ తిరిగి, ముందుకొచ్చిన బొజ్జ, చాచిన చేయి చూసి, "ఇదే మన గణపతి! దగ్గరికి పోతెనే ఒళ్లు జలదరించింది," అని ఒకదాన్ని నెత్తికెత్తుకున్నాను. ఒళ్లు జలదరించింది నిజమే. పొద్దున్నుంచి ఏమీ తినలేదు.

తొవ్వలో సాయిలుకు అనుమానం వచ్చింది. "అన్నా, చెవులు ఏమైనట్టు? చాటంత ఉండె."

"మడిచి కట్టిండ్రు."

"మట్టి చెవులు మడుస్తరా?"

"పట్నపోళ్ల పనితనం నీకేం ఎరుక? నడువ్!"

రైల్లో మాకు రాజభోగం. "గణపతి" అనగానే జనం లేచి చోటిచ్చారు. నాందేడ్ పోయే ఒక మరాఠీ పెద్దామె మూట ముందు అరటిపండ్లు పెట్టి, దారి పొడుగునా భజన చేసింది. ఒక్కసారి మొగం చూపించమని కండ్లనీళ్లు పెట్టుకుంది. నేను కదలలేదు. "మాయీ, నియమం," అన్నాను గంభీరంగా. ఇప్పటికీ ఆమెను తలుచుకుంటే నా తల వంగిపోతుంది.

బోధన్‌లో దిగగానే చెరుకు బండికి మామిడాకులు కట్టి, డప్పులతో ఎదురొచ్చారు. పక్క వాడ గుండా కావాలనే చుట్టు తిప్పి తీసుకుపోయారు. భూమయ్య నా భుజం తట్టి, "పనిమంతుడివిరా," అన్నాడు. మండపం దగ్గర ఆడవాళ్లలో గంగామణి నిలబడి ఉంది. నన్ను చూసి తల దించుకుంది. అప్పుడే చచ్చిపోయినా నాకు చింత లేకపోయేది. నిజానికి అప్పుడే చచ్చిపోవలసింది.

అయ్యగారు మంత్రం అందుకున్నారు. భూమయ్య స్వయంగా ముడి విప్పాడు. బట్ట జారింది.

ఎర్ర టోపీ. మెలేసిన మీసం. గులాబీ బుగ్గలు. లడ్డు చాచి, పండ్లన్నీ బయటపెట్టి సేటు నవ్వుతున్నాడు.

డప్పు ఆగింది. మంత్రం ఆగింది. నా గుండె కూడా ఆగిందనే నా నమ్మకం. జనంలోంచి ఒక ముసలమ్మ, "తొండమేదిరా?" అంది.

"తొవ్వల ఊడినట్టుంది," అన్నాడు సాయిలు నన్ను కాపాడదామని.

"మరి మీసం? అది తొవ్వల మొలిచిందా?" అన్నాడు భూమయ్య. తర్వాత నా వైపు తిరిగాడు. "ఏం రాజన్నా, తెచ్చేటప్పుడు సూస్కోలేదా?"

"ఇప్పితె కీడని..."

"ఇప్పకపోతె ఏమైంది మరి? గిది మేలా? దేవుణ్నే మార్చుకొచ్చినోడివి, రేపు నా బిడ్డను జాతరకు తోల్కపోయి ఎవరిని తోల్కొస్తవురా?"

వాడంతా గొల్లుమంది. పక్క వాడవాళ్లయితే గోడలెక్కి మరీ నవ్వారు. నాకు కండ్లలో నీళ్లు తిరిగాయి. నిలబడ్డ చోటే భూమి చీలి నన్ను మింగితే బాగుండుననిపించింది. మా బాపు తుండుగుడ్డ మొగానికి అడ్డం పెట్టుకుని ఇంటిదారి పట్టాడు.

అప్పుడు ఆడవాళ్లలోంచి ఒక గొంతు లేచింది.

"నవ్వుడు తర్వాత బాపూ. ముహూర్తం పోతున్నది. ఏ పూజకైనా ముందుగాల పసుపు ముద్దనే గణపతి అంటం గద? మన ఇండ్లల్ల పసుపుకు కరువా?"

గంగామణి! ఆ మాటతో అందరూ ఇండ్లకు పరుగెత్తారు. ఇంటింటి నుంచి పసుపు వచ్చింది. గంగామణి కొంగు బిగించి బిందెడు ముద్ద కలిపి, తొండం తీసి, చెవులు పెట్టి, చింతగింజలు కండ్లుగా అద్దింది. నీళ్లు మోసింది నేను. ఒక చెవి కొంచెం పెద్దది, ఒకటి చిన్నది. అయినా అంత అందమైన గణపతిని నేను ధూల్‌పేటలో కూడా చూడలేదు. ఆ పూట వాడలో అందరి చేతులూ పెండ్లి ఇంట్లో మాదిరిగా పచ్చగా ఉన్నాయి, ఒక్క నా పెండ్లికే దిక్కులేదు.

పండుగ అయ్యాక సాయిలు పట్నం పోయి మా గణపతి సంగతి అడిగి వచ్చాడు. ఆ రెండో మూట చేరిన మిఠాయి దుకాణం ఆయన చేతులు జోడించి, "తనంతల తాను నడిచి వచ్చిన దేవుణ్ని ఎట్ల పంపను? మీ దగ్గరున్న సేటును మీరే ఉంచుకోండ్రి," అన్నాడట. దాంతో సేటు భూమయ్య దుకాణం ముందు కూర్చున్నాడు. వచ్చిపోయేవాళ్లంతా ఆయన్ని చూసి నవ్వడం, నవ్వినవాళ్లు ఏదో ఒకటి కొనడం. భూమయ్య కోపం మెల్లమెల్లగా కరిగింది. ఒకనాడు నన్ను పిలిచాడు.

"నీ గురించి మస్తు ఆలోచన చేసిన. నువ్వు ఎవలనూ మోసం చెయ్యలేవు. మోసం చెయ్యాలన్నా ముందుగాల మూట ఇప్పి సూసే తెలివుండాలె. గంగామణి గూడ నిన్నే చేస్కుంటనంటున్నది. ఎందుకో ఆ దేవునికే ఎరుక."

పెండ్లినాడు పీటల మీద కూర్చున్నాం. నాకూ ఆమెకూ నడుమ అడ్డుతెర పట్టారు. జీలకర్ర బెల్లం చేతిలో పట్టుకున్నాను. అయ్యగారు ముహూర్తం అనబోతుండగా భూమయ్య లేచాడు.

"ఆగుండ్రి! అల్లుడా, తెర లేపి సూస్కో. తర్వాత మీసమున్నదని నా దగ్గరికి రావొద్దు!"

పందిరి పందిరంతా పడిపడి నవ్వింది. తెర అవతల నుంచి గాజుల చప్పుడు, ఆ వెంటే గంగామణి గొంతు మెల్లగా వినిపించింది: "నేను మాత్రం ఇవతలకెల్లి సూసుకున్న తియ్."

ఆ క్షణాన అగ్నిసాక్షిగా నేనొక శపథం చేశాను. ఇకమీదట ఈ రాజన్న మూట విప్పనిదే ఇంటికి తేడు. నేటికీ తప్పలేదు. కొట్టులో పొట్లం కట్టిన జీలకర్రను కూడా అక్కడే విప్పి, చూసి, వాసన పీల్చి, మళ్లీ కట్టించుకుంటాను. కొట్టువాళ్లు విసుక్కుంటారు. విసుక్కోనీ. నిన్నటికి నిన్న విప్పి చూసి మరీ తెచ్చాను. ఇంటికొచ్చాక గంగామణి పొట్లం తెరిచి, "తెమ్మన్నది మెంతులు గద!" అంది.