మొగ్గ గిల్లే చెయ్యి

కమలాక్షమ్మ గిల్లిన మొగ్గలో ఒక్క కేసరమూ మిగలదని శిరివెళ్ల చుట్టుపక్కల పత్తి విత్తనం పండించేవాళ్లందరికీ తెలుసు. సాయంత్రం ఆడమొక్క మీది మొగ్గను ఒలిచి, బొటనవేలి గోరుతో పుప్పొడి కేసరాలన్నీ గీరెయ్యాలి. ఒకటి మిగిలినా మర్నాడు అద్దే మగపువ్వు దండగ. ఆ విత్తనం కంపెనీకి పనికిరాదు. ఇరవై రెండేళ్లుగా ఆమె సీజనంతా రోజుకు వెయ్యి మొగ్గలు గిల్లుతోంది.

నిరుటి నుంచి కుడిచేతి బొటనవేలు, దాని పక్క రెండు వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయి. నిద్రలో లేచి చెయ్యి విదిలించుకునేది. పక్షవాతమేమోనని భర్త జనార్దనం ఆళ్లగడ్డలో పసరు కట్టు వేయించాడు. తగ్గలేదు. నంద్యాల డాక్టరు మణికట్టు మీద తడితే వేళ్లలోకి జిల్లుమంది. మణికట్టు ఇరుకులో నరం నలుగుతోందనీ, రాత్రిళ్లు పట్టీ వేసుకొని ఆరు వారాలు గిల్లడం మానాలనీ చెప్పాడు. బొటనవేలి కింద కండ అప్పటికే కరిగిందట. ఇంకా ఆలస్యమైతే ఆపరేషన్ చేసినా పట్టు తిరిగి రాకపోవచ్చన్నాడు. జనార్దనం ఇంటికొచ్చి పట్టీని బీరువా మీద పెట్టి, గిల్లడం, అద్దడం, ఈ సీజను క్రాసింగ్ పనంతా అయినాక చూద్దామన్నాడు.

పదిరోజులకు ఒక సాయంత్రం కంపెనీ సూపర్‌వైజర్ గిరీశ్ వచ్చి వాళ్ల చేలో పదకొండో సాలులో ఆరు మొగ్గలు చూశాడు. నాలుగింటిలో కేసరాలున్నాయి. ఇట్లయితే విత్తనం తీసుకోకుండా ప్లాటు మొత్తం కొట్టేస్తానన్నాడు. జనార్దనం కూలికొచ్చిన కరుణ మీద విరుచుకుపడి, రేపట్నుంచి రావద్దన్నాడు. ఆ సాలు ఎవరిదో కరుణకు తెలుసు. తలొంచుకుంది.

కమలాక్షమ్మ ఒక మొగ్గను గోరుతో గీరి చూసింది. కేసరం ఉందో లేదో వేలికి తెలియలేదు.

"ఆయమ్మను అనొద్దు. ఆ సాలు నాది."

"నువ్వు గిల్లితే ఇట్లుంటాదా?"

"వేలికి తెలిస్తే గదా. డాక్టరు చెప్తాంటే ఆడనే ఉంటివి. చెవుల్లో పత్తి పెట్టుకుంటివా?"

గిరీశ్ నవ్వబోయి ఆపుకున్నాడు.

ఆమె ఇంటికి పోయి పట్టీ తెచ్చింది. పళ్లతో లాగి బిగించుకొని గట్టు మీద కూర్చుంది. డాక్టరు రాత్రికి చెప్పినదాన్ని పొద్దుండగానే కట్టింది, అందరూ చూడాలనే.

"మిగిలిన సాళ్లు నువ్వు గిల్లు."

అది ఆడవాళ్ల పని, మగవాళ్ల వేళ్లకు లొంగదు అన్నాడు జనార్దనం. ఆ ఊళ్లో అందరూ అనే మాటే.

"నా వేలు చచ్చేదాకా గిల్లితి. నీ వేలికి ఏం రోగం?"

జనార్దనం కరుణ వైపు చూశాడు. ఆమె పక్కసాలులో పని మొదలుపెట్టింది. ఈసారి అతను పొమ్మనలేదు. వంగాడు. మొదటి మొగ్గ వేళ్ల మధ్య నలిగిపోయింది. రెండోదీ అంతే.

"గోరుతో," అంది కమలాక్షమ్మ గట్టు మీది నుంచి. "పిసకొద్దు."