బండికి బదులు వచ్చిన పిల్ల

నిన్న నా స్కూటర్ కొనడానికొచ్చిన కుర్రాడు, నడిపి చూస్తానని తన ఫోన్ నా చేతిలో పెట్టి వెళ్లాడు. బండి వదిలెళ్లిన పెట్రోలు వాసనకి చిన్నప్పటి పిల్లొకతి గుర్తొచ్చింది.

నాకప్పుడు ఏడేళ్లు. నాన్న అమ్మకానికి పెట్టిన బైకు చూడటానికి రావులపాలెం నుంచి ఒకాయన కూతురితో వచ్చారు. "పాప ఇక్కడే కూర్చుంటుందండి, ఓ రౌండ్ వేసొస్తాను," అని వెళ్లారు.

బైకుకి బదులు పిల్లనిచ్చేశారనుకున్నాను. ఆయన టైర్లు నొక్కి చూసినట్టే, ఆ పిల్ల చేతులు నొక్కి చూశాను.

"జామచెట్టెక్కడం వచ్చా?"

"వచ్చు," అంది, అమ్మ ఇచ్చిన చక్కెరకేళీ తింటూ.

నాన్న గేటు దగ్గర నిలబడి రోడ్డు వైపే చూస్తున్నారు. ఆ పిల్ల ఒక్కసారి కూడా అటు చూడలేదు. బండి చప్పుడు వినగానే నాన్న మొహం తేటపడింది. నాకేమో ఏడుపొచ్చింది.

నిన్న కుర్రాడి ఫోన్ చేతిలోనే ఉన్నా, అతను తిరిగొచ్చేదాకా నేనూ గేటు దగ్గరే నిలబడ్డాను.