మంద కట్టని మూడు మళ్ళు

నాకు ఒకే చదువుకు రెండు పట్టాలు ఉన్నాయి. ఒకటి ఇక్కడి విశ్వవిద్యాలయానిది, రెండోది విదేశానిది. రెండు చోట్లా చదివి రెండు చోట్లా పట్టా తీసుకునే ఆ ఏర్పాటు తొంభైల చివర్లో మా కాలేజీకి కొత్తగా వచ్చింది. విషయం సుస్థిర వ్యవసాయం. మొదటి ఏడు ఇక్కడ పొలంలో ప్రయోగం చేయాలి. దాని ఫలితాలను అక్కడి ప్రొఫెసరు ఒప్పుకుంటేనే రెండో ఏడు అక్కడ. ఉన్నది ఒకే సీటు, అది నాకు వచ్చింది. ఆ రోజు నుంచి నా కాళ్ళు నేల మీద నిలవలేదు.

ప్రయోగానికి ఉదయగిరి దగ్గర మా మెట్ట చేనునే ఎంచుకున్నాను. నాయన ఆత్మకూరులో బడిపంతులు. ఏటా వానలకు ఆ చేనులో సజ్జ వేయించేవాడు. నేను చేనులో ఆరు మళ్ళు కొలిచాను. మూడింట్లో విత్తే ముందు గొర్రెల మంద కట్టించాలి. మంద రాత్రుళ్ళు ఆ మడిలోనే పడుకుంటే పెంటికలే ఎరువవుతాయి. మిగిలిన మూడూ ఏ ఎరువూ లేకుండా ఉత్తగా వదలాలి. పంటలో తేడా ఎంతో చూపించడమే నా థీసిస్.

మంద వరికుంటపాడు వైపు నుంచి వచ్చే ఒక పెద్దాయనది. తాతా అని పిలిచేదాన్ని. కొయ్యలు పాతి, ఏ మళ్ళలో కట్టాలో, ఏవి వదలాలో చూపించాను. "అట్నే అమ్మణ్ణీ" అన్నాడు. ఎందుకు వదలాలో మాత్రం చెప్పలేదు. చెప్పినా ఆయనకేం అర్థమవుతుందిలే అనే పొగరు నాది. చూపించి ఆత్మకూరు బస్సెక్కేశాను.

సజ్జ మోకాలెత్తు వచ్చాక వెళ్ళి చూస్తే ఆరు మళ్ళూ ఒకే పచ్చన. నా కొలతలే తప్పేమోనని మూడుసార్లు కొలిచాను. ఆఖరికి ఉత్త మడిలో మట్టి గీకి చూస్తే పెంటికలు కనబడ్డాయి. నాకసలే కోపం ముక్కు మీద ఉంటుంది. కలిగిరి రోడ్డు పక్కన మంద మేపుకుంటున్న తాతను వెతికి పట్టుకుని, గొర్రెలు బెదిరేలా అరిచాను.

"ఏంది తాతా నువ్వు చేసిన పని? వద్దన్న మళ్ళలో ఎందుకు కట్టినావు?"

ఆయన బిత్తరపోయాడు. "చేన్లో మూల వదిల్తే మందోళ్ళకి మాటొస్తాది గదమ్మా. నీ సదువు చేను, సగం ఎండిపోతే ఏం బాగుంటాదని ఇంకో మూడు దినాలు ఉండి దుడ్లు అడక్కుండా ఊరికేనే కట్టినాను."

అది మా వైపు పద్ధతే. చేనులో మూల వదిలిన మందవాణ్ణి పనిరానివాడంటారు. నాకు తెలియని సంగతేమీ కాదు. అయినా నోరు ఆగలేదు.

"నా చదువు నాశనం చేసినావు" అన్నాను.

తాత తలగుడ్డ తీసి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. నేను అన్న ఆ మాట ఇప్పటికీ నన్నే పొడుస్తుంది.

అంకెలు దిద్దేస్తే ఎవరు కనిపెడతారు అనే ఆలోచన నాకు రాలేదంటే అబద్ధం. రెండు రోజులు దానితోనే గడిపాను. చివరికి జరిగింది జరిగినట్టు రాసి పంపాను. ఆత్మకూరు బస్టాండు దగ్గరి ఎస్టీడీ బూత్‌కు జవాబు ఫ్యాక్సులో వచ్చింది. ఈ ప్రయోగం చెల్లదు, ఇంకొక్క పంటకాలం గడువిస్తాం, అదీ చెడితే సీటు వేరేవాళ్ళకు.

మరుసటి ఏడు వేరే మందను పిలుద్దామన్నాడు నాయన. నేను తాత దగ్గరికే వెళ్ళాను. చేనుకు రెండో కొసన కొత్తగా ఆరు మళ్ళు కొలిచి, గట్టు మీద ఆయన పక్కన కూర్చుని ఈసారి అంతా చెప్పాను.

"ఉత్త మడి బక్కగా ఉంటేనే నీ మంద బలం ఎంతో ఆ దేశమోళ్ళకి తెలిసేది తాతా."

ఆయన కర్రతో ఉత్త మడిని చూపించాడు. "అయితే నా గొర్రెల పని కనపడేదానికి దీని కడుపు మాడ్చాల."

"ఊ."

"అట్నే అమ్మణ్ణీ."

ఆ ఏడు మూడు మళ్ళు ఏపుగా ఎదిగాయి, మూడు వెలవెలబోయాయి. దారిన పోయే మందలవాళ్ళు ఊరుకుంటారా? "ఏందిరా, పని మరిచిపోయినావా? మూడు మళ్ళు వదిలేసినావే!" అని నా ఎదురుగానే ఆయన్ని ఎగతాళి చేశారు. తాత నా పేరు చెప్పి తప్పించుకోవచ్చు. చెప్పలేదు. ఆ మళ్ళ పక్కగా నడిచేటప్పుడు మాత్రం ముఖం అటు తిప్పుకునేవాడు.

ఫలితాలు ఒప్పుకున్నామని ఫ్యాక్సు వచ్చిన రోజు నేరుగా ఉదయగిరి బస్సెక్కాను. తాత కోసిన చేను గట్టు మీద ఉన్నాడు.

"అయిపోయింది తాతా. సీటు నిలబడింది, పోతుండాను."

"అయితే ఇంక ఆ మళ్ళతో నీకు పని లేదు గదా?"

"లేదు."

అంతే, లేచాడు. పొద్దు వాలకముందే మందను తోలుకొచ్చి ఆ మూడు ఉత్త మళ్ళలోకి దింపాడు. "నన్ను క్షమించు తాతా" అన్నాను. ఏడుపు ఆగలేదు నాకు. ఆయన విన్నాడో లేదో తెలియదు. వెనకబడ్డ గొర్రెలను అదిలిస్తూ, మడి చివరి మూలదాకా జరుపుతున్నాడు.