నేను వెతకని జేబు

మొన్న ఆదివారం పొద్దున్నే ఫోను మోగింది. ఈమధ్య నాకు ఫోనంటేనే విసుగు. గనిలో నాతో పనిచేసినవాళ్లు ఒక్కొక్కరే పోతున్నారు. ఆ కబురు చెప్పడానికి తప్ప నాకెవరూ ఫోను చేయరు. ఈసారి మా ఓవర్‌మన్ సారు భార్య. నేను వదినా అని పిలుస్తాను. "తమ్మీ, మీ సారు పోయిండు. తెల్లారంగ మంచినీళ్లడిగిండు, తెచ్చేసరికి లేడు" అంది. నాకు ఏడుపు రాలేదు. నిజం చెప్పాలంటే చావులకు పోయి పోయి అలసిపోయాను. అయినా చొక్కా వేసుకుని బస్టాండుకు నడిచాను.

ఓవర్‌మన్ అంటే షిఫ్టులో గని లోపలి మనుషులందరి బాధ్యత మోసేవాడు. అప్పట్లో నేను గేటు దగ్గర సెర్చర్‌ని. లోపలికి దిగే ప్రతి ఒక్కరి జేబులు తడిమి, బీడీలు, అగ్గిపెట్టెలు ఉంటే తీసి పక్కన పెట్టించడం నా పని. బొగ్గు గనిలో గ్యాసు ఉంటుంది. ఒక్క పుల్ల గీసినా చాలు, షిఫ్టు షిఫ్టంతా పోతుంది.

అలాంటి గనిలో పనిచేస్తూ మా సారుకు పొగతాగే పైపు పిచ్చి. పాత మేనేజరు ఎవరో బదిలీ మీద వెళ్తూ ఇచ్చిన పైపు అది. మా కాలనీ అంతా బీడీలే, ఈయన ఒక్కడిదే పైపు. డ్యూటీ దిగి, స్నానం చేసి, క్వార్టరు ముందు కుర్చీ వేసుకుని మొదలుపెట్టేవాడు. మసి గీకడం, పొగాకు నింపడం, బొటనవేలితో నొక్కడం, ముట్టించడం, అది ఆరిపోవడం, మళ్లీ ముట్టించడం. "గింతసేపట్ల నేను రెండు బీడీలు తాగి ఒక కునుకు తీద్దును సార్" అని ఎగతాళి చేసేవాణ్ని. "తాగుడు కోసం కాదు తమ్మీ, కూసునుడు కోసం. చేతుల గిది లేకుంటె మీ వదిన ఏదో ఒక పని చెప్తది" అనేవాడు. శరీరం దేవుని ఆలయమని పాస్టరు గారు గుర్తుచేస్తే, "ఆలయం అన్నంక జర ధూపం ఉండాలె గద అయ్యగారు" అన్నాడట. ఆ మాట పాస్టరు గారే నవ్వుతూ మాకు చెప్పారు.

రెండో పిచ్చి ఎయిర్‌గన్. ఆదివారం చర్చి నుంచి రాగానే పెరటి గోడకు ఇసుక బస్తా ఆనించి, దాని మీద కాగితం గుచ్చేవాడు. పాత క్యాలెండరు కాగితం వెనక గ్లాసు బోర్లించి ఒక గుండ్రం, లోపల మందుసీసా మూతతో ఇంకో గుండ్రం గీసేవాడు. కరీంనగర్ పోటీలో ఒకసారి మూడో బహుమతి వచ్చింది. ఆ కప్పులో వదిన ఆవాలు పోసుకుంది. ఉట్నూర్ నుంచి వచ్చిన చుట్టం ఒకాయన, అడవికి పోయి పిట్టలను కొడదాం రమ్మన్నాడు. "పిట్టను కొట్టెటోనికి ఆకలుంటె చాలు. కాయితాన్ని కొట్టెటోనికి ఓపిక ఉండాలె" అని సారు కదల్లేదు.

దాటేద్దామనుకున్న సంగతి ఇక చెప్పాలి. ఒకరోజు పొద్దటి షిఫ్టులో నీళ్లు తోడే మోటారు చెడిపోయి లోపల నీళ్లు నిండుతున్నాయని కబురొచ్చింది. సారు ఇంటి నుంచి పరుగున వచ్చాడు. పైపు, అగ్గిపెట్టె ఎప్పుడూ ఇంట్లోనే వదిలి వచ్చే మనిషి. పైగా ఆయన జేబులు తడమడం నాకు మొదటి నుంచీ మొహమాటం. అంత పెద్దమనిషిని దొంగను వెతికినట్టు ఎట్లా వెతకడం? భుజం మీద చెయ్యి ఆనించి "పోండ్రి సార్" అన్నాను. అరగంటకు ఆయన ఒక్కడే పైకి వచ్చాడు. లోపల చెమట తుడుచుకుందామని రుమాలు తీస్తుంటే జేబులో పైపు తగిలిందట. దాని పక్కనే అగ్గిపెట్టె.

ఎవరూ చూడలేదు. ఆ రెండూ నా చేతిలో పెట్టి మళ్లీ దిగిపోతే అయిపోయేది. ఆయన తిన్నగా మేనేజరు గదికి పోయి, వాటిని టేబుల్ మీద పెట్టి, కాగితం రాసిచ్చాడు. మొదటి వాక్యంలో తన పేరు, రెండో వాక్యంలో నా పేరు. "మీది మీరు రాసుకోండ్రి సార్, నా పేరెందుకు రాసిండ్రు?" అని అడిగాను. "మరిసిపోవుడు నా తప్పు, ఎతకకపోవుడు నీ తప్పు. గీ రెండు కలిస్తెనే గనిల అగ్గి పుడ్తది తమ్మీ" అన్నాడు. నన్ను నెల రోజులు సస్పెండ్ చేశారు. ఆయనకు రావలసిన ప్రమోషన్ ఆగిపోయింది, మళ్లీ రాలేదు.

సస్పెండైన మొదటి ఆదివారమే సారు ఎయిర్‌గన్ పట్టుకుని మా ఇంటికొచ్చాడు. "ఖాళీగ ఉన్నవు గద, గురి నేర్సుకుందువు రా" అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. తలుపు తీయలేదు. మా పెరట్లోనే బస్తా పెట్టుకుని, ఒక్కడే కాల్చుకుని పోయాడు. రెండో ఆదివారమూ అంతే. మూడో ఆదివారం నా భార్య ఆయనకు చాయ్ ఇచ్చి లోపలికొచ్చి, "ఆయనకు సిగ్గు లేదు, నీకు బుద్ధి లేదు. పోయి పక్కన కూసో" అంది. పోయాను. "ఊపిరి సగం ఇడువు. ఆగు. ఫికర్ చెయ్యకు, కాయితం యాడికి పోదు" అన్నాడు. నేను పేల్చిన ఛర్రా గుండు బస్తాకు కూడా తగలలేదు.

ఆ తర్వాత మా ఆదివారాలు ఏళ్ల తరబడి అట్లాగే గడిచాయి. కాగితం రాసిన సంగతి మాత్రం ఇద్దరం ఎత్తలేదు. గేటు దగ్గర రోజూ చేతులెత్తి నిలబడేవాడు. నేను జేబులు తిరగేసి చూసేదాకా కదిలేవాడు కాదు.

రిటైరయ్యాక ఆసిఫాబాద్‌లో ఇల్లు కట్టుకున్నాడు. ఊపిరితిత్తులు పాడయ్యాయి. బొగ్గు దుమ్మా, పైపా అని అడిగితే డాక్టరు రెండూ అన్నాడట. పైపు మానేశాడు. ఊపిరి బిగబట్టే శక్తి లేక గురి చూడటమూ మానేశాడు. రెండు నెలల కింద చూడబోతే నన్ను మంచం పక్కన కూర్చోబెట్టుకున్నాడు. "తమ్మీ, ఒకటడుగుత. అప్పుడు నీ పేరు రాసుడు తప్పా?" అన్నాడు. మాట మాటకూ ఆయాసపడుతున్నాడు. "ఇప్పుడు గవన్ని ఎందుకు సార్, పండుకోండ్రి" అన్నాను. ఆయన అటు తిరిగి పడుకున్నాడు.

తప్పు కాదు అనడానికి ఎంతసేపు పడుతుంది? ఏ మూలో మిగిలిన పాత కోపం నా నోరు కట్టేసింది. మళ్లీ వచ్చినప్పుడు చెబుదాంలే అనుకుని బస్సెక్కాను. ఆయన ఆ జవాబు వినకుండానే పోయాడు. సిగ్గుగా ఉంది.

సోమవారం సమాధి చేశారు. తిరుగు బస్సులో మా ఇంటి స్టాపు వచ్చినా దిగలేదు, గని దాకా పోయాను. పొద్దటి షిఫ్టు వదిలే వేళ. "ఎవరి కోసం కాకా?" అని గేటు దగ్గర కొత్త సెర్చరు అడిగాడు. ఎవరి కోసం కాదన్నాను. షిఫ్టు బయటికొచ్చింది. నల్లటి మొహాలు, చంకలో ఖాళీ టిఫిన్ డబ్బాలు. ఒకడు ఇంటికి టమాటాలు తీసుకుపోవాలంటున్నాడు, ఒకడు కూతురి పరీక్ష సంగతి చెబుతున్నాడు. గేటు దాటి రోడ్డు మీదికి రాగానే ముగ్గురు తలలు దగ్గర పెట్టి ఒకే పుల్లతో బీడీలు ముట్టించుకున్నారు.

"తప్పు కాదు సార్" అన్నాను. పైకే అన్నట్టున్నాను. ఆ ముగ్గురిలో ఒకడు తిరిగి చూశాడు. నేనేదో అడిగాననుకుని, అగ్గిపెట్టె నా వైపు చాచాడు.