వెలుతురు వైపు జరిగే మిషను

తప్పు నాదే. మా బిల్డింగు మెట్లకింద బట్టలు కుట్టే కుట్టుమిషను పిన్నికి బిల్డింగువాళ్ల ఇంగ్లీషు నోటీసు వస్తే, ‘ఎన్‌క్రోచ్’ అన్న మాట తెలియక, బాగా కుడుతున్నావని మెచ్చుకున్నారని చెప్పేశాను. పిన్ని పెదవుల మధ్య గుండుసూదులు కదలకుండా నవ్వింది. ఆవిడ మాట్లాడేది కూడా ఆ సూదుల సందులోంచే. వెలుతురు కోసం రోజూ బెత్తెడు వరండాలోకి జరిగే మిషను ఆ పూట మూరెడు జరిగింది. మర్నాడే మేనేజరు దాన్ని వెనక చీకటిగదిలోకి నెట్టించాడు.

అక్కడ దారం ఎక్కక తంటాలు పడుతున్న పిన్నికి డిక్షనరీ తెచ్చి చదివాను. “కొంచెం కొంచెంగా హద్దు దాటి చొరబడటమట. జాగాలోకే కాదు పిన్నీ, ఒకరి టైములోకి చొరబడినా ఇదే మాట.”

పిన్ని మొదటిసారి నోట్లోంచి సూదులు తీసింది.

“అయితే పొద్దున్నే వచ్చి నా స్టూలెక్కి మధ్యాహ్నందాకా దిగవు కదా, నీకింకా నోటీసు రాలేదేంరా?”