ఇత్తడి డబ్బాలో కంటి పాఠం

మా సైన్సు సారు పోయారన్న కబురు కిందటి అంగడి రోజున కామారెడ్డి మోటారులో వచ్చింది. డ్రైవరు బండి దిగకుండానే నన్ను కేకేసి, "సారూ, మీ దోస్తు సారు నిన్న పొద్దుగాల పోయిండు. మూడు రోజుల జ్వరమే" అన్నాడు. ఇంటికి వచ్చి, ఈ మాట ఎలా చెప్పాలో తెలియక గుమ్మంలోనే నిలబడిపోయాను. అరుగు మీద బియ్యం ఏరుతున్న మా అమ్మ తలెత్తి నా ముఖం చూసింది.

"ఎవలు పోయిండ్రు బిడ్డా?" అని అడిగింది.

నా ముఖం చూసి అడిగింది. ఈ మాట మళ్ళీ రాస్తున్నానంటే కారణం ఉంది. తొమ్మిదేళ్ల కిందట మా అమ్మకు నా ముఖం కనబడేది కాదు. ఈ రోజు బియ్యంలో రాయి కనబడుతోందంటే, కొడుకు ముఖంలో దుఃఖం కనబడుతోందంటే, అది ఆ పోయిన మనిషి పుణ్యం. అందుకే ఆయన గురించి ఏడుస్తూ రాయబుద్ధి కావడం లేదు.

ఎల్లారెడ్డి బడిలో ఆయన సైన్సు చెప్పేవారు, నేను లెక్కలు చెప్పేవాణ్ణి. మా ఇండ్ల మధ్య ఒకటే గోడ. మొదట్లో ఆయనతో నాకు పడేది కాదు. దారిలో ఎదురైన వాళ్లను నమస్కారం పెట్టనిచ్చేవారు కాదు, మణికట్టు పట్టుకుని నాడి లెక్కపెట్టేవారు. పిల్లలను బడి చుట్టూ పరుగెత్తించి, ఒకరి వీపుకు ఒకరు చెవి ఆనించి గుండె చప్పుడు వినమనేవారు. పుస్తకం ఉర్దూలో ఉండేది. పరీక్ష కోసం పాఠం ఉర్దూలో ఒకసారి చెప్పి, ఆ వెంటనే, "ఇగ మనింట్ల మాట చెప్త, ఇనుండ్రి" అని తెలుగులోకి దిగేవారు. పక్క గదిలో నా భిన్నాలు ఆ పిల్లల నవ్వుల్లో కొట్టుకుపోయేవి. నాకు ఒళ్లు మండేది.

అన్నిటికన్నా పెద్ద గొడవ కంటి పాఠం. ఆయనది ఉల్లిగడ్డ కూడా ముట్టని ఇల్లు. అలాంటి మనిషి ఏడాదికి ఒకరోజు ఇత్తడి డబ్బా పట్టుకుని, మాంసం కొట్టే అతని దగ్గరికి స్వయంగా పోయి, గొర్రె కండ్లు మోదుగాకులో చుట్టించుకుని వచ్చేవారు. బడిలో వాటిని కోసి చూపించి, తిరిగి వచ్చి బావి దగ్గర తలస్నానం చేస్తే తప్ప వాళ్ల ఇంట్లో అడుగు పెట్టనిచ్చేవారు కాదు. ఆ డబ్బాకు గడప లోపల చోటు లేదు, పశువుల కొట్టంలో కొయ్యకు వేలాడేది. ఊళ్లో మాత్రం సారు చాటుగా తలకాయ కూర తింటున్నాడని చెప్పుకున్నారు. నేను ఖండించలేదు. నిజం చెప్పాలంటే ఒకరిద్దరికి నేనే చెప్పాను.

ఆ రోజుల్లో మా అమ్మకు రెండు కండ్లలోనూ తెల్లటి పొర కమ్ముకుంది. మొదట సూదిలో దారం పోలేదు. తర్వాత అన్నంలో వెంట్రుక కనబడలేదు. ఒకనాడు నేను ఎదురుగా నిలబడితే, "ఎవలు బాపూ నువ్వు?" అంది. తేనె వేశాం, ఆకు పసరు పిండాం, ఎవరేది చెబితే అది చేశాం. చివరికి, సూదితో పొర దించే ఒకతను అంగడికి వస్తాడని తెలిసింది. బిచ్కుంద అవతలి నుంచి వచ్చేవాడు, సగం మరాఠీలో మాట్లాడేవాడు. గాంధారి రైతు ఒకతనికి నా కళ్లముందే సూది పెడితే, ఆ రైతు అక్కడికక్కడే నా వేళ్లు లెక్కపెట్టాడు. నేను వెంటనే మాట ఇచ్చేశాను. వచ్చే అంగడికి ఇంకా మూడు రోజులుంది.

ఇంట్లో ఆ సంగతి చెబుతుంటే గోడ అవతల విన్న సారు చెప్పులు కూడా వేసుకోకుండా వచ్చారు.

"ఏమయ్యా, ఆ గాంధారి రైతును నువ్వు మళ్ల చూసినవా? నేను చూసిన. రెండు దినాలకే కన్ను వాచి, ఉన్న చూపు గూడ పోయింది. అవ్వను పట్నం తీస్కపో. పెద్ద దవాఖానల కోసి తీస్తరు."

నేను జవాబు చెప్పేలోపే మా అమ్మ అందుకుంది. "నేను రాను సారూ. దవాఖానల గుడ్డు బయటికి పీకి, కడిగి, మళ్ల పెడ్తరంట. కుడిది ఎడమకు పెడ్తే ఏంది నా గతి? జారి కింద పడితే?"

ఇది మా అమ్మ ఒక్కదాని భయం కాదు. మా వైపు ఊళ్లన్నిటా అదే నమ్మకం. కంటి ఆపరేషన్ అంటే గుడ్డు తీసి చెంప మీద పెడతారని నేనూ అనుకున్నాను, లెక్కలు చెప్పే పంతుల్ని అయివుండి.

సారు వాదించలేదు. మర్నాడు పొద్దున డబ్బాతో మా ఇంటికే వచ్చారు. ఆకు విప్పి బ్లేడుతో తంటాలు పడుతున్నారు, ముఖం పక్కకు తిప్పుకుని, ముక్కు బిగపట్టి. కన్ను చేతిలో నిలవదు. ఆ జారుడు చప్పుడు వినలేక మా అమ్మ చేయి చాపింది.

"ఇటియ్యి సారూ. యాభై ఏండ్ల సంది తలకాయలు కడుగుతున్న."

చూపు లేకపోయినా వేళ్లకు తెలుసు. ఆయన చెబుతుంటే ఆమె తడిమింది. గుడ్డు చుట్టూ అతుక్కున్న ఆరు కండరాల మొదళ్లు. వెనకాల మెదడుకు పోయే తాడు లాంటి నరం.

"గిన్ని తాళ్లతోని కట్టి ఉంటే పీకి మళ్ల ఎట్ల పెడ్తరు అవ్వా? ఎవరి తరం గాదు" అన్నారు సారు.

అమ్మ వేళ్లు ఆ తాడును రెండుసార్లు లాగి చూశాయి.

తర్వాత గుడ్డును సగానికి కోశారు. లోపల గుడ్డుసొన లాంటి జిగురు. దాని ముందు బఠానీ గింజకన్నా కాస్త పెద్ద పూస. సారు దాన్ని తీసి నా చేతిలోని పత్రిక మీద పెట్టారు. కింది అక్షరం ఉబ్బి పెద్దదైంది. "దీన్ని కటకం అంటరు. అద్దం లెక్క ఉంటది అవ్వా. వెలుతురు ఇందులకెల్లే లోపలికి పోతది."

"అబద్ధం" అంది అమ్మ. "కంట్ల పూస నాకు తెల్వదా? తెల్లగ, గట్టిగ, సున్నపు గోలీ లెక్క ఉంటది. కూరల తీసి పిల్లగాండ్లకు ఆడుకోనీకి ఇస్తం."

సారు నావైపు చూశారు. నేను తల ఊపాను. చిన్నప్పుడు నేనూ ఆ గోలీలతో ఆడాను. కండ్లు కోయడం నేర్పే ఆ మనిషి పుట్టి బుద్ధెరిగి ఉడికిన కన్ను చూడలేదు. వాళ్ల ఇంట్లో ఎలా చూస్తారు!

"వండితే తెల్లగైతదా?" అన్నారు, చిన్నపిల్లాడిలా.

అమ్మ రెండో కన్ను అడిగి తీసుకుని, చిన్న గిన్నెలో నీళ్లు పోసి పొయ్యి మీద పెట్టింది. మా వంటింట్లో, మాంసం ఉడుకుతున్న పొయ్యి ముందు, సారు గొంతుక్కూర్చుని ఊదుతూ మంట పెట్టారు. ఊరివాళ్లు చూసి ఉంటే ఇక చెప్పనక్కర్లేదు. ఉడికిన కంటిలోంచి అమ్మ పూస తీసి ఆయన అరచేతిలో వేసింది. సున్నం ముద్దలా తెల్లగా ఉంది. ఒక అరచేతిలో తేటగా ఉన్నది, మరో అరచేతిలో తెల్లది. ఆయన రెండింటినీ మార్చి మార్చి వెలుతురుకు పట్టి చూశారు.

ముందు మాట అందుకుంది మా అమ్మే. "అంటే సారూ, నా కంట్ల పూస గట్ల ఉడికినట్టైందా?"

"మంటతోని గాదు, వయసుతోని. గంతే తేడా అవ్వా!"

"మరి ఉడికింది మళ్ల పచ్చిగైతదా? ఈ తేనెలు, పసర్లు ఏం చేస్తయి?" ఆమె నావైపు తిరిగింది. "సూదాయన ఏం చేస్తడు? పూసను నూకి, కుండ అడుక్కు పడగొట్టినట్టు, కంట్లనే పడగొడ్తడు. కుండలనే ఉంటది గద, పాడైతది గద. బయటికి తీసేటోడు కావాలె. నన్ను పట్నం తోల్కపో."

సారు లేచి నిలబడి మా అమ్మకు దండం పెట్టారు. ఆమెకు అది కనబడలేదు. నాకు మాత్రం సిగ్గేసింది. అంతకు రెండు నెలల ముందే ఈయన్ను చాటుగా తలకాయ తినేవాడన్నది నేనే.

వెళ్లబోతూ ఆయన కోసిన కంటి అడుగుభాగం వెలుతురుకు పట్టి, "అవ్వా, గొర్రె కంటి లోపల నెమలి మెడ రంగుంటది. మన కండ్లల్ల ఉండదు" అన్నారు.

"నల్లటి కంట్ల నెమలి రంగా? ఇది మాత్రం అబద్ధమే."

"చూపొచ్చినంక చూసి చెప్పు. అబద్ధమైతే నా చెవి పిండు."

పట్నం దవాఖానలో కుడి కంటికి ఆపరేషన్ అయింది. పది రోజులు తల కదల్చకుండా పడుకోవాలన్నారు. మా అమ్మ కదల్లేదు. పక్క మంచాల వాళ్లు భయపడితే, తన మంచం మీద నుంచే తలకాయ కూర పాఠం చెప్పింది. నెల తర్వాత మళ్లీ పోయి సోడాబుడ్డి అద్దాలు తెచ్చుకున్నాం. తిరుగు రైల్లో ఆమె ఒక్క క్షణం కూడా కిటికీ వదల్లేదు. మేక, తాటిచెట్టు, ఎర్ర చీర, కనబడిన ప్రతిదానికీ పేరు పెట్టి పిలిచింది.

కామారెడ్డి స్టేషనులో రైలు ఆగకముందే నా భుజం గుద్దింది. "అగో, సారు!"

ఆమె ఆయన ముఖం అంతకు ముందెన్నడూ సరిగ్గా చూడలేదు. ఆయన వచ్చేనాటికే ఆమె చూపు మసకబారింది. "ఎట్ల గుర్తు పట్టినవే అవ్వా?" అన్నాను.

"చేతిల డబ్బా ఉన్నది గద!"

నిజమే. ఎల్లారెడ్డి దాకా ఆగలేక, ఆ మనిషి కామారెడ్డిలోనే కన్ను సంపాదించి, ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉన్నారు. బెంచీ మీదే ఆకు విప్పి, కోసి, గిన్నెలాంటి ఆ సగాన్ని ఎండకు పట్టారు. మా అమ్మ అద్దాలు సర్దుకుని వంగింది. చుట్టూ జనం మూగారు. పచ్చ, నీలం కలిసిన రంగు లోపల తళతళలాడింది.

"నిజమే సారూ" అంది. "నీ చెవి బతికింది."

సారు నవ్విన నవ్వుకు టికెట్ కలెక్టరు కూడా నవ్వాడు. నాకు మాత్రం కళ్లు నిండాయి. ఆ నీళ్లు ఏ గ్రంథిలోంచి వస్తాయో సారు నాకు అక్కడే చెప్పబోయారు. చేతులెత్తి దండం పెట్టి ఆపాను.

ఆ తర్వాత ప్రతి ఏడూ ఆయన రెండు కండ్లతో పాఠం చెప్పారు, ఒకటి పచ్చిది, ఒకటి ఉడికినది. కామారెడ్డికి బదిలీ అయ్యాక కూడా, "ఇది పుస్తకంల లేదు, ఎల్లారెడ్డిల ఒక అవ్వ నాకు చెప్పింది" అని మొదలుపెట్టేవారట. ఆ పాఠం విన్న పిల్లలు ఇంటికి పోయి చెబితే, మాచారెడ్డి వైపు నుంచి కూడా ముసలివాళ్లు భయం వదిలి దవాఖానకు బయలుదేరారు. నాకు తెలిసినవాళ్లే కొందరున్నారు.

మొన్న కామారెడ్డి పోయినప్పుడు సారు భార్య మా అమ్మను పట్టుకుని ఏడ్చారు. లేచి దేవుని గదిలోకి పోయి, ఆ ఇత్తడి డబ్బా తెచ్చి అమ్మ ఒళ్లో పెట్టారు. "ఇన్నేండ్లు దీన్ని ఇంట్లకు రానియ్యలే అవ్వా. ఆయన పోయినంక కడిగి, దేవుని దగ్గర పెట్టిన. ఇగ నువ్వే ఉంచుకో" అన్నారు.

నిన్న మా అమ్మ ఆ డబ్బా పట్టుకుని మా బడికి వచ్చింది. జీవితంలో బడి గడప తొక్కడం అదే మొదటిసారి. నేను లెక్కలు ఆపాను. ఉడికిన పూస ఒక చేతిలో, పచ్చిది ఒక చేతిలో పట్టుకుని, సారు చెప్పినట్టే చెప్పింది. చివరికి కోసిన సగాన్ని కిటికీ వైపు ఎత్తి పట్టింది. పిల్లలు వరుసగా వచ్చి తొంగి చూశారు. కొందరు చూసి, వెనక్కి పోయి, మళ్లీ వరుసలో నిలబడ్డారు. గంట కొట్టినా వరుస కదల్లేదు.

"చెయ్యి నొస్తలేదా అవ్వా? దించు" అన్నాను.

"సారు చెప్పంగ నేను నమ్మలే. వీండ్లను చూడనియ్యి" అని, చేయి ఇంకాస్త పైకి ఎత్తింది.